గోడకెక్కిన ఎత్తిపొడుపులు

"పాలు పొంగితే పొయ్యి తాగుతుందిలే, నువ్వు ఆ పలక చూసుకో."

వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు అన్న మాట అది. కోడలు ఉలిక్కిపడి స్టవ్ కట్టేసింది. దాని చేతిలోని ట్యాబ్‌ని ఆవిడ ఎప్పుడూ పలకనే అంటారు.

అత్తగారు రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. మామూలుగా మాట్లాడినా ఇంట్లో ఏ మూలకైనా స్పష్టంగా వినిపిస్తుంది. కోడలు మందుల అట్టపెట్టెల మీద అక్షరాలు అమర్చే డిజైనరు. ఎవరూ చదవని సన్నక్షరాల మీద పగలంతా కళ్లు పొడుచుకుని, ఇంటికొచ్చాక తన సరదా కోసం ట్యాబ్ మీద పెద్ద పెద్ద అక్షరాలు గీసుకునేది. బ్రష్షులు మార్చేది, రంగులు కలిపేది, లేయరు మీద లేయరు వేసేది. చెయ్యి బాగానే తిరిగింది. చిక్కల్లా ఏం రాయాలో తోచకపోవడమే. 'శుభోదయం' అని ఎన్నిసార్లని రాస్తుంది?

ఆ రోజు ఒళ్లు మండి అత్తగారి మాటే రాసింది. 'పొ'ని నురగలా ఉబ్బించింది. పక్కనున్న సున్నాని బుడగ చేసింది. వాక్యం చివరికొచ్చేసరికి అక్షరాలన్నీ అంచు దాటి కిందికి కారిపోయాయి. 'మూతివిరుపులు' అని ఒక పేజీ తెరిచి, తన పేరు లేకుండా అందులో పెట్టింది.

తెల్లారేసరికి ఎక్కడెక్కడి కోడళ్లో దాని కింద చేరి నవ్వుతున్నారు. మా ఇంట్లో గాని మైకు పెట్టారా అని ఒకావిడ అడిగింది.

ఇక ఆగలేదు. అలమర సర్దుతుంటే అత్తగారు వచ్చి చూసి, "ఇల్లు సర్దావా, సామాన్లకి బదిలీలు చేశావా?" అన్నారు. సాయంత్రానికల్లా ఆ మాటలో దీర్ఘాలు కిందికీ, ఒత్తులు పైకీ చేరిపోయాయి. మరోసారి కొడుకుని తలుచుకుని, "వాడు నీ మాట వింటాడు, నా మాట విన్నట్టుంటాడు" అన్నారు. బొమ్మలో 'వింటాడు'కి చెవులు మొలిచాయి, 'విన్నట్టుంటాడు' చెవుల్లో దూది పెట్టుకుంది. ప్రతి బొమ్మలోనూ తలకట్టుని మాత్రం అత్తగారి కనుబొమ్మలా పైకి ఎగరేసేది. ఆ పేజీకి అదే గుర్తయిపోయింది.

విషయం మొగుడికి తెలిసిపోయింది. అమ్మ చూసిందంటే తను బయట గది వెతుక్కోవాల్సిందే అన్నాడు. ఆవిడ ఫోన్లో వార్తలు తప్ప ఏమీ చూడరని కోడలే అతనికి ధైర్యం చెప్పింది.

చిత్రమేమిటంటే, అత్తగారి నాలుక రోజురోజుకీ పదునెక్కుతోంది. ఇదివరకు కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనేవారు. ఇప్పుడు, "సముద్రం వచ్చి నా ఉప్పేదని అడిగితే ఏమని చెప్పను?" అంటున్నారు. అనేసి వెళ్లిపోకుండా ఓ క్షణం అక్కడే ఆగుతున్నారు. జవాబు కోసం కాబోలని కోడలు తల వంచుకునేది. మిక్సీ మోతలో మాట వినపడకపోతే, మోత ఆగేదాకా ఉండి మళ్లీ మొదట్నించీ అనేవారు. ఎందుకింత కక్ష కట్టారో దానికి అర్థమయ్యేది కాదు.

అలాగని ఆ మాటలు లేకుండా ఉండలేకపోతోంది కూడా. మధ్యలో కొన్నాళ్లు అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని పరధ్యానంగా ఉండిపోయారు. ఎంతకీ ఏమీ అనరు. పేజీ ఎండిపోయింది. ఆగలేక కోడలు కావాలనే తడి తువ్వాలు తెచ్చి సోఫా మీద పడేసింది. అత్తగారు చూశారు. కాసేపు ఆలోచించారు.

"సోఫాకి జ్వరమా, తడిగుడ్డ వేశావు?"

కోడలికి ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

ఇంతలో ఊళ్లో అక్షరాల బొమ్మల ప్రదర్శన పెడుతున్నవాళ్లు ఆ పేజీకి కబురు పంపారు. బొమ్మలన్నీ మనిషెత్తున అచ్చువేసి గోడలకి పెడతామన్నారు. గీసినవాళ్లు వచ్చి పక్కన నిలబడాలన్నారు. కోడలు ముందు వద్దనుకుంది. తర్వాత మందుల పెట్టెలు గుర్తొచ్చాయి. తను పెట్టిన అక్షరాల ముందు ఇంతవరకు ఒక్క మనిషీ ఆగి నిలబడింది లేదు. సరేనంది. ఇంట్లో మాత్రం ఆఫీసువాళ్ల ప్రదర్శన ఏదో ఉందని చెప్పింది.

"నేనూ వస్తా," అన్నారు అత్తగారు చెప్పులు వేసుకుంటూ. "ఒక్కదాన్నీ కూర్చుంటే ఇక్కడ ఎవర్ని అనను?"

వద్దంటే కారణం చెప్పాలి. చెప్పగలిగిన కారణం ఒక్కటీ దొరకలేదు. మొగుడికి మాత్రం ఎక్కడో అర్జెంటు పని గుర్తొచ్చింది.

హాల్లోకి అడుగుపెట్టగానే అత్తగారు మొదటి బొమ్మ ముందు ఆగారు. కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు. ఆ గొంతుకి హాలంతా ఇటు తిరిగింది. రెండోది చదివారు. మూడోదీ చదివారు. జనం పనులు మానుకుని ఆవిడ వెనకే నడుస్తూ పడీ పడీ నవ్వుతున్నారు. ఆవిడ మొహంలో మాత్రం నవ్వన్నది లేదు. ఇంటికెళ్లాక తను గుమ్మంలోనే ఆగాల్సి వస్తుందేమో అనుకుంది కోడలు.

సముద్రం బొమ్మలో 'నా ఉప్పేదని అడిగితే' దాకా వచ్చి అత్తగారు చదవడం ఆపేశారు. కింది నుంచి పైదాకా చూశారు. మెల్లగా కోడలి వైపు తిరిగారు.

"తప్పయిపోయింది అత్తయ్యా," అంది కోడలు. "మిమ్మల్ని నవ్వులపాలు చెయ్యాలని కాదు. మీ మాటల్లో ఉన్న కళ నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఇవాళే ఆ పేజీ మూసేస్తాను."

అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"మూశావంటే ఊరుకోను, ఆ పేజీ కోసమే పొద్దంతా కూర్చుని ఒక్కో తిట్టూ అల్లుకొచ్చి నీకు సరిగ్గా వినపడేలా అంటుంటే, ఇందులో చివరి ముక్క ఎందుకు వదిలేశావు?"