కూత పెట్టని బ్రేకులు

మొక్కజొన్న కళ్ళం బయట పికప్ వ్యాను కిక్కురుమనకుండా ఆగింది. కళ్ళం ఆసామి జగన్నాధం మీసం దువ్వాడు.

"సూసినావా గిరీ? షాపోడు సవక రకం అంటగట్టబోతే ఒల్లనన్నాను. ఎంత బరువున్నా కూత పెట్టని బ్రేకు ప్యాడ్లు ఏరి మరీ ఏయించినాను. ఈ సోమరి మందని ఇయ్యాల పట్టేస్తాను."

"ఎప్పుడొచ్చినా కూకునే ఉంతారా బావా?" అన్నాడు బావమరిది గిరిబాబు.

"ఒక్కపాలైనా లెగిసున్నారేటి? తిండికి తప్ప దేనికీ ఒళ్ళొంగదు. పాత బ్రేకుల కూత ఇన్నాక కూడా కూకునే ఉంతారంటే, ఇనకముందు తొంగునే ఉంతారు."

ఇద్దరూ తడిక సందులోంచి తొంగిచూశారు. లోపల ఆడవాళ్ళంతా నడుములు వంచి గింజలు ఎత్తుతున్నారు, బస్తాలు కుడుతున్నారు. ఏరి కొన్న ప్యాడ్లు దండగైపోయినట్టు జగన్నాధం మొహం మాడ్చుకున్నాడు.

అంతలో రోడ్డు మీద ఏదో లారీ కీచుమంటూ బ్రేకు వేసింది. ఆడవాళ్ళంతా చేతిలోవి పడేసి చతికిలబడ్డారు. కొత్తగా పనిలో చేరిన కుమారి ఒక్కతే నిలబడిపోయింది.

"ఏటైంది పిన్నీ?"

"ఆసామి వచ్చీసినాడు, కూకోయే," అంది చిన్నతల్లి. "పని సేసినా తిడతాడు, సెయ్యకపోయినా తిడతాడు. ఆ తిట్లేవో కూకునే తిందుం. నడుముకైనా సుఖం."