బోర్డు మీద బిరుదు

"టైలర్ అన్న మాట పక్కన ‘నూబ్’ అని కూడా పెట్టవయ్యా. పెద్ద అక్షరాలతో."

బోర్డు రాస్తున్న పెయింటరు కుంచె ఆగిపోయింది. "ఎవరిచ్చారు బాబాయ్ ఈ బిరుదు?"

"ఇదిగో, మా అమ్మాయే. స్నేహితుల ముందు కూడా నన్నలాగే పిలుస్తుంది. ఇంగ్లీషులో పనిమంతుడని అర్థంట."

పెయింటరు నవ్వాపుకోలేకపోయాడు. "ఏమీ చేతకాని దద్దమ్మని అలా అంటారు బాబాయ్!"

గుండీలు కుడుతున్న కూతురు తల వంచేసుకుంది.

"నిజమేనా?" అడిగాడు టైలరు.

"మొదట సరదాకే అన్నాను. నువ్వు అర్థమడిగితే ఏదో ఒకటి చెప్పేశాను. తర్వాత నువ్వు మురిసిపోతుంటే..."

"నీ స్నేహితులు పిలిచినా నవ్వుతూ పలికాను కదే."

"నాన్నా..."

ఆయన మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"మరి ఈ ‘నాన్నా’ అన్న పిలుపుకి అర్థమేంటమ్మా?"