మల్లెపూల కట్టు

బిడ్డ పోయి వారమైనా హైమకు పాలు ఆగలేదు. అత్త వీరలక్ష్మి కడియం నుంచి మల్లెపూలు తెప్పించి, రోజూ పొద్దున్నే కోడలి రొమ్ములకు కట్టేది. పాలు ఇంకిపోవడానికి ఆ ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ చేసే పని అది. సాయంత్రానికి పూలు కమిలిపోయేవి. రవిక మాత్రం తడిసే ఉండేది.

"మా రోజుల్లో మూడు కట్లకే ఇంకిపోయేవే అమ్మా. ఇదేంటో మరి!"

"ఏడుద్దామంటే రావట్లేదు అత్తయ్యా. కళ్ళల్లోంచి రావాల్సింది ఇటు వస్తోందేమో."

ఊళ్ళో అందరికీ ఉన్నట్టే హైమ చెవి వెనకా నెమ్మది బిళ్ళ ఉంది. మెదడులో సెరటోనిన్‌ను తగ్గనివ్వదు, దిగులును దగ్గరికి రానివ్వదు. చూడ్డానికొచ్చిన నర్సు దాన్ని వేలితో తడిమింది.

"పాలు ఆగనివ్వనిది ఇదేనమ్మా. పాలు పంపమని లోపల పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతూనే ఉంది. తీసేస్తే ఆగుతాయి. కానీ ఏడుపొస్తుంది, తట్టుకోవాలి మరి."

హైమ బిళ్ళ పీకేసింది. కాసేపటికి ఆమె పెట్టిన కేకకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, "అదేం చప్పుడు వదినా?" అంది.

వీరలక్ష్మి కోడలి పక్కన చతికిలబడి, తన చెవి వెనక బిళ్ళను గోటితో లేపింది.