మొదటి మాల టోకెన్

"ఒక్క అక్షరం మార్చమ్మా. ఒక్కటంటే ఒక్కటే!" తిరుమలసామి గొంతు తగ్గించి బతిమాలాడు.

మేనకోడలు దేవిప్రియ ల్యాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తలేదు. "నల్లసామి మామ ఫోను అడ్రసులో అట్ల మారిస్తే ఏపీఐ కనిపెట్టి ఆపేస్తాది మామా. మన మాటను బ్లాక్‌చెయిన్‌కు అందించే దళారి అది. విరుదునగర్ మిరప మండీ దళారి మాదిరి కాదు, శానా నియాయమైంది. పూర్తిగా వేరే అడ్రసే వేయాల. అట్ల పోయింది మళ్ళ తిరిగి రాదు."

"రావద్దనే కదా నా ఏడుపు!"

కులదేవత జాతరలో మొదటి మాల ఎవరి మెడలో పడాలన్నది ఆ వంశంలో తాతల నాటి తగువు. కోవిల్‌పట్టి వాళ్ళకు ఒక ఏడు, విరుదునగర్ వాళ్ళకు ఒక ఏడు అని పెద్దలు తీర్చినా, ఏటా రభసే. చివరికి దేవిప్రియ ఒకే ఒక్క డిజిటల్ టోకెన్ తయారుచేసింది. అది ఎవరి ఫోనులో ఉంటే మాల వాళ్ళది. ఎవరి దగ్గరా లేకుండా పోతే నిరుడు వేయించుకున్నవారికే మళ్ళీ. పట్టుబట్టి ఈ నియమాలు పెట్టించింది నిరుడు మాల వేయించుకున్న కోవిల్‌పట్టి తిరుమలసామే. తీరా విరుదునగర్ దాయాది నల్లసామికి టోకెన్ పంపే వంతు వచ్చేసరికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

భార్య లక్ష్మియమ్మాళ్ కాఫీ తెచ్చింది. "అయితే ఈ ఏడూ పొంగలి కుండ మోసేది నేనేనా?"

"మరి నేను మోస్తానా? మొగుడూ పెండ్లాల్లో ఒకరికి మాల పడితే కుండ రెండోవాళ్ళదే కదా. మాల వేసుకున్నోడు కుండ మోస్తే ఊరు నవ్వదూ?"

ఆమె నవ్వి లోపలికి పోయింది. దేవిప్రియ అడ్రసు కొట్టింది.

"ఇది ఎవరిదమ్మా?" తిరుమలసామి అనుమానంగా చూశాడు.

"ఇంతవరకు ఒక్క టోకెనూ చేరని అడ్రసు మామా. కానీ పాపం నాకొద్దు. మీరే నొక్కండి."

ఆయన కులదేవతను తలుచుకుని మరీ నొక్కాడు.

"బ్లాక్‌చెయిన్‌లో ఎక్కేదానికి కొంచెం సేపు పడతాది," అంది దేవిప్రియ.

ఆ కాస్త సేపు కూడా ఆగలేక నల్లసామికి ఫోన్ చేశాడు. "తమ్ముడా, పంపించినాను."

"ఏదీ, రాలేదే అన్నా!"

"అయ్యయ్యో! మెషిన్ మింగేసిందా ఏంది!" తిరుమలసామి ఏడుపు గొంతు తెచ్చుకున్నాడు.

అవతల నల్లసామి నిట్టూర్చాడు. "సరి, నియమం నియమమే. ఎవరి ఫోనులో ఉంటే వాళ్ళకు మాల. ఎక్కడా లేకుంటే నీకే. రేపు పెద్దల ఎదుట ఎవరూ మాట మార్చేది లేదు."

"మారిస్తే ఆ తల్లి నా కండ్లు తీసుకోనీ!"

ఫోన్ పెట్టేసి, తిరుమలసామి మీసం దువ్వుకున్నాడు. దేవిప్రియ గబగబా ల్యాప్‌టాప్ మూసి చెప్పులు వేసుకుంటోంది.

వంటింట్లో లక్ష్మియమ్మాళ్ ఫోను, "టోకెన్ చేరింది" అని పలికింది.