వీరమ్మ కడియాలు

"ఒక స్పూను చాలు అత్తా. రెండేస్తే పాయసమైపోతాది."

"చిన్నప్పట్నుంచి వాడికి రెండే. నిన్నామొన్నా వచ్చినదానివి, నాకు నేర్పిస్తావా?"

కాఫీ లోటా పట్టుకుని అత్తాకోడళ్లు నరేన్ ఎదుటే వాదించుకున్నారు. నరేన్ ఎవరి పక్షానా పలకలేదు. ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. చివరికి జానకమ్మాళ్ రెండో స్పూనూ కలిపి, లోటా అతని ముందు పెట్టి, వెళ్లి కారెక్కింది.

సింగానల్లూరు దాటేదాకా కోడలు కోమలవల్లి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. గొడవ చక్కెరది కాదు. ఒట్టన్‌చత్రంలో కూరగాయల మండీ నడిపే ఆమె అన్న, వచ్చి తన దగ్గర ఉండమని నెలరోజులుగా పిలుస్తున్నాడు. ఆమెకూ వెళ్లాలనే ఉంది. ఆ సంగతి చెవిన పడ్డ రోజే జానకమ్మాళ్ ఈ ప్రయాణం పెట్టింది. నరేన్‌ను విడిచి ఎక్కడికీ పోనని కోడలు ఇవాళ ఇంటి దేవత వీరమ్మ ముందు సూడం ఆర్పి ప్రమాణం చేయాలి. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఇచ్చిన మాటను ఆ వంశంలో ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

"మన ఇంట ఆడది మొగుణ్ణి విడిచి పోయింది లేదు" అంది జానకమ్మాళ్. "వీరమ్మ మొగుడితోనే మంటలోకి పోయింది. నవ్వుతా పోయింది."

కారు నడుపుతున్న మామ దొరసామి అద్దంలో కోడలిని ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

కినత్తుకడవు అవతల, కొబ్బరితోటల మధ్య ఉంది గుడి. చిన్నదే. కానీ స్తంభాల నిండా చిలకలు, చూరు నుంచి వేలాడే రాతి గొలుసు. లోపల నిలువెత్తు పలక మీద వీరమ్మ. ఎత్తిన చేతికి గాజులు, గాజు గాజుకీ పూలు.

కుంభాభిషేకం దగ్గరపడుతోందని, తరాలుగా పేరుకున్న నూనె మడ్డిని పనివాళ్లు కిందటి నెలే కడిగేశారు. కొత్త చీర కట్టేముందు పసుపు పూయడం జానకమ్మాళ్ వంతు. కోమలవల్లి గడప ఇవతలే నిలబడింది.

ముఖం అయింది. చేతులు అయ్యాయి. పాదాల దగ్గర జానకమ్మాళ్ వేళ్లు ఆగాయి.

మెలికల కడియాలని ఇన్నేళ్లూ అనుకున్నది. ఆ మెలిక ఒక కాలి నుంచి రెండో కాలికి సాగింది. నడుమ ముడి ఉంది. గాజుల మీది పూలను వదలని శిల్పి తాడు పురినీ వదల్లేదు.

తలెత్తి చూసింది. నూనె పోయిన పెదవుల మధ్య పళ్లు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

పూజారి సూడం వెలిగించి పళ్లెం గడప దగ్గరికి తెచ్చాడు. కోమలవల్లి అరచేయి చాచింది. జానకమ్మాళ్ ఆ మణికట్టు పట్టుకుంది. పట్టు వదల్లేదు. సూడం తనంతట తానే కాలి ఆరిపోయింది.

తిరుగు దారిలో దొరసామి ఏమైందని రెండుసార్లు అడిగాడు. జానకమ్మాళ్ కోడలి పాదాలనే చూస్తూ, వేళ్ల పసుపును కొంగుకు తుడుస్తూ కూర్చుంది. ఎంత తుడిచినా పోలేదు.

ఇంట్లో పొద్దుటి కాఫీ మీద మీగడ కట్టి ఉంది. మూడాకులు వేశారు. ముగ్గురూ కూర్చున్నారు. అన్నంలో రసం కలుపుతూ జానకమ్మాళ్ తల ఎత్తకుండానే చెప్పింది.

"కోమలా, నువ్వు రేపే మీ అన్న దగ్గరికి బయల్దేరు, పోయిన నా కొడుకు పటం ముందర ఇంక నేనే కాఫీ పెట్టుకుంటాను, నువ్వు చెప్పినట్టే ఒక స్పూను వేసి."