డిటెక్టివ్ గొంతు

"ఇవాళ నన్ను సినిమాకి తీసుకెళ్తావా, ఆటో పిలుచుకుని నేనే వెళ్లనా?" అంది సత్యవతమ్మ, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ.

కళ్లు కనపడని మనిషికి సినిమా ఎందుకని ఈసారి అడగలేదు కోడలు సాయిదుర్గ. నిన్న అడిగితే, "చూట్టానికి కాదు, నా కొడుకు మాటలు వినటానికి" అని అత్తగారు ఒక్కముక్కలో తేల్చేసింది. కోడలు తలనొప్పి అంది, టికెట్లు దొరకవంది. గిలకలదిండి నుంచి బందరు ఎంత దూరమే అంటూ ఆవిడ ఏదీ చెవిన వేసుకోలేదు.

ఆ సినిమాలో కొడుకు గోపి పోలీసు డిటెక్టివ్. హీరో కాదు. హీరో పక్కన నిలబడి, ఇది మనుషులు చేసిన పని కాదు సార్ అని అనుమానపడే డిటెక్టివ్. అలాంటివాళ్లు తెలుగు సినిమాలో చివరిదాకా బతకడం కష్టం.

బయట మాత్రం ఆ సినిమా పూర్తయ్యేదాకా కూడా బతకలేదు గోపి. తన సీన్ల షూటింగ్ అయిపోయిన వారానికే హైదరాబాదులో లారీ గుద్దేసింది. అప్పుడు సత్యవతమ్మ గుండెకి స్టెంటు వేయించుకుని ఆస్పత్రిలో ఉంది. కాస్త కోలుకున్నాక చెబుదామనుకున్నారు. ఆవిడ కోలుకుంది గానీ, చెప్పే ధైర్యమే ఎవరికీ రాలేదు. వీధివీధంతా నోరు కట్టేసుకుంది.

గోపి స్నేహితుడు బాబ్జీ మిమిక్రీ చేస్తాడు. ఒకప్పుడు సరదాకి గోపి గొంతుతో ఫోన్ చేసి సాయిదుర్గని ఆటపట్టించినవాడే. ఇప్పుడు రోజూ దీపాలు పెట్టే వేళకి అదే గొంతుతో సత్యవతమ్మకి ఫోన్ చేస్తున్నాడు, షూటింగులు తెరిపివ్వడం లేదమ్మా, రాలేకపోతున్నానని. సాయిదుర్గ చేతుల గాజులు అలాగే ఉంచుకుంది. అత్తగారి చెవికి ఆ చప్పుడు వినపడకపోతే ఎలా? పంపు దగ్గర ఆడవాళ్లు ఆ గాజుల వంక చూస్తే మాత్రం చచ్చిపోవాలనిపించేది ఆ పిల్లకి.

సినిమాలో డిటెక్టివ్‌కి డబ్బింగ్ చెప్పిందీ బాబ్జీయే. ఇప్పుడు సాయిదుర్గ భయమంతా అదే. ఫోన్లో అయితే సిగ్నల్ సరిగా లేదని సర్దిచెప్పొచ్చు. అంతంత స్పీకర్లలోంచి వస్తే కన్నతల్లి పోల్చుకోదా? పోల్చుకుంటే, అంత జనంలో ఆ గుండె ఆగిపోతే?

మ్యాట్నీకి వెళ్లారు. తెర మీద ఉప్పుటేరు అవతల పాడుబడ్డ లైట్‌హౌసు. దాని దగ్గరికెళ్లినవాళ్లకి ముందు నీడ మాయమవుతుంది, తర్వాత మనిషి మాయమవుతాడు. కాసేపటికి డిటెక్టివ్ నోరు విప్పాడు. సత్యవతమ్మ నిటారుగా కూర్చుంది. సాయిదుర్గ తెర వంక చూడటం మానేసి, అత్తగారి మొహమే చూసింది.

"ఏం బట్టలేశాడే?" అంది సత్యవతమ్మ మెల్లగా.

"నల్ల కోటు అత్తయ్యా."

"ఉక్కపోతలో కోటేంటి వాడికి. చిక్కాడా?"

సాయిదుర్గ అప్పుడు చూసింది తెర వంక. గోపి నవ్వుతున్నాడు. ఎడం చెంప మీద సొట్ట అలాగే ఉంది.

"లేదు. బాగానే ఉన్నాడు," అంది.

ఆఖర్లో డిటెక్టివ్ హీరోని బయటికి తోసేసి, తను లైట్‌హౌసులోనే ఉండిపోయాడు. "నా కోసం ఆగకండి సార్" అన్న కేక వినిపించింది, తర్వాత తలుపు మూసుకుంది. ఈలలేసే కుర్రాళ్లు కూడా చప్పబడిపోయారు. సత్యవతమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"పోయాడా?"

"సినిమాలోనే అత్తయ్యా."

"ఆఁ, సినిమాలోనే," అంది సత్యవతమ్మ. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముందుకీ వెనక్కీ ఊగిపోతూ ఏడ్చింది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, ఉత్త సినిమానేగా పెద్దమ్మా, ఊరుకోండి అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. సాయిదుర్గకీ ఇక ఆగలేదు. గోపి పోయాక ఆ ఇంట్లో ఆమె ముక్కు చీదడానికి కూడా భయపడింది. ఇప్పుడు మొగుడి పేరు చెప్పకుండా మొగుడి కోసం అత్తగారి భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. దీపాలు వెలిగి జనం వెళ్లిపోయినా ఇద్దరూ లేవలేదు. ఊడ్చేవాళ్లు వచ్చి లేపారు.

ఆటోలో సత్యవతమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. ఆవిడకి ఏ అనుమానమూ రాలేదనుకుంది సాయిదుర్గ. ఇంటికొచ్చి ఇన్ని మంచినీళ్లిచ్చి, పొయ్యి మీద అన్నం పడేసింది. చాలా రోజుల తర్వాత గుండె కాస్త తేలికపడింది ఆమెకి.

రోజూలాగే ఫోన్ మోగింది. సాయిదుర్గ స్పీకర్ నొక్కి అత్తగారి చేతికిచ్చి వంటింటి వైపు నడిచింది.

"ఎలా చేశానమ్మా?" అంది గోపి గొంతు.

"బాగా చేశావు నాన్నా. కడుపారా ఏడిచాం, నేనూ సాయీ. ఇంట్లో అయితే దాని ముందు నేనూ, నా ముందు అదీ ఏడవలేం కదా."

వంటింటి గుమ్మంలో గాజుల చప్పుడు ఆగిపోయింది.

సత్యవతమ్మ ఫోన్ని రెండు చేతులతో చెంపకి ఆనించుకుంది.

"రేపు కూడా చెయ్యి బాబ్జీ, వాడి గొంతుతోనే."