తలుపు బయట తల్లి

"నేనెందుకు బయటికెళ్లాలి? దానికి నొప్పెక్కడో నాకంటే బాగా ఎవరు చెబుతారు?" అంది తల్లి, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

డాక్టరమ్మ నవ్వింది. ఇలాంటి తల్లులు ఆమెకు కొత్త కాదు. "ఈ వయసు పిల్లలు ఎవరొచ్చినా నా పద్ధతి ఇదేనమ్మా. కాసేపు విడిగా మాట్లాడతాను. అమ్మాయి చెప్పింది ఈ గది దాటదు. ప్రాణం మీదికొచ్చే సంగతైతే మాత్రం తల్లికి తెలియాల్సిందే."

"మా పిల్ల నా దగ్గర ఏదీ దాచదండీ."

"మావాడూ అంతే. అయినా పద్ధతి పద్ధతే."

తల్లి గొణుక్కుంటూ వెళ్లింది. డాక్టరమ్మ తలుపు వేసి, బల్ల మీద పడుకున్న అమ్మాయి పొట్ట నొక్కి చూసింది. ఎక్కడ నొక్కినా నొప్పే అంటోంది, ముఖంలో మాత్రం ఆ జాడే లేదు. దొంగ కడుపునొప్పి అని ఇట్టే తేలిపోయింది. ఇక అసలు సంగతి రాబట్టడం ఎంతసేపు? పిల్లల చేత నిజం చెప్పించడంలో తనకు తానే సాటి అని ఆమె నమ్మకం.

"సిగరెట్టు?"

"లేదు మేడం."

"మందు? మత్తుమాత్రలు?"

"ఎప్పుడూ లేదు."

"తాగి బండి నడిపేవాళ్ల వెనక ఎక్కావా ఎప్పుడైనా?"

అమ్మాయి లేచి కూర్చుంది. ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టుంది.

"ఒక్కసారి. మా క్లాసబ్బాయి బండి. లారీ కింద పడాల్సినవాళ్లం, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాం. నేను మళ్లీ ఎక్కలేదు. వాడు మాత్రం మానలేదు. ట్యూషన్ వంక పెట్టి తాగుతాడు, అలాగే నడుపుతాడు. ఎంత మొత్తుకున్నా వినడు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ కన్నతల్లి ఎవరోగానీ పాపం, అనుకుంది.

"మళ్లీ ఎక్కకుండా మంచిపని చేశావు. కానీ వాళ్లింట్లో చెప్పాలి కదమ్మా?"

"నేను చెప్పానని తెలిస్తే జన్మలో నా ముఖం చూడడు మేడం. అందుకే ఈ కడుపునొప్పి."

"అదేంటి? ఇక్కడికొస్తే వాళ్లమ్మకెలా తెలుస్తుంది?"

అమ్మాయి బల్ల దిగి చెప్పులు వేసుకుంది. నొప్పి ఊసే లేదు.

"నేను చెప్పింది ఈ గది దాటదన్నారుగా. ఆ ధైర్యంతోనే వాళ్లమ్మకి ఇప్పుడే చెప్పేశాను, మేడం."